చీటీ లేని మరమ్మతు - చివరికి తగవు

ఒకప్పుడు ఇంటి ముందు కట్టేసిన ఎడ్లను చూసి ఆ రైతు స్తోమత లెక్కగట్టేవారు. ఇప్పుడు ఆ చోట మోటారు సైకిలు నిలబడింది. తెల్లవారుజామున పాల క్యాను మోసేది అదే. బత్తాయి తోటకు మందు డబ్బా చేరవేసేది అదే. జ్వరం వచ్చిన పిల్లవాడిని మండల కేంద్రంలోని ఆస్పత్రికి చేర్చేదీ అదే. ఎద్దు కుంటితే పశువుల డాక్టరు దగ్గరకు పరుగెత్తిన రైతు బండి మొరాయిస్తే మెకానిక్కు షెడ్డుకు పరుగెత్తుతున్నాడు. అక్కడ పని సరిగా జరిగితే సరే. జరగకపోతే ఎవరికి చెప్పుకోవాలి, ఎలా చెప్పుకోవాలి అన్నది నేడు నల్లగొండ జిల్లాలోని పల్లెల్లో చాలామందికి తెలియని సంగతిగా ఉండిపోయింది.

దేవరకొండ వైపు పాలు పోసుకుని బతికే ఒక రైతును ఉదాహరణగా తీసుకుందాం. అతని బండి ఏడేళ్లది. ఎత్తు ఎక్కడం లేదు, వెనుక నుంచి నీలం పొగ వస్తోంది. షెడ్డుకు తీసుకుపోతే ఇంజను బోరుకు వచ్చిందన్నారు. నాలుగు వేల అయిదు వందలు అడిగారు. పాల డబ్బు పదిహేను రోజులకు ఒకసారి వస్తుంది గనుక సగం అప్పు తెచ్చి, సగం చేతిలోది కలిపి ఇచ్చాడు. బండి రెండు రోజులు షెడ్డులోనే ఉంది. ఆ రెండు రోజులూ పాలు పక్కవారి బండి మీద పంపి దానికీ డబ్బు ఇచ్చాడు. నెల తిరగకుండానే మళ్లీ నీలం పొగ. షెడ్డుకు పోతే "నువ్వు నడపడంలో తేడా ఉంది" అన్నారు. కాదంటే "నా చేతి పని సంగతి ఊరందరికీ తెలుసు" అన్నారు. మాట మీద మాట పెరిగింది. పదేళ్లుగా "అన్నా", "తమ్మీ" అని పిలుచుకున్నవారు ఇప్పుడు ఎదురుపడితే ముఖం తిప్పుకుంటున్నారు. బండి మాత్రం పొగ వదులుతూనే ఉంది.

ఇలాంటి రైతు ప్రతి ఊళ్లోనూ కనబడతాడు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్లు, బ్రేకు బాగుచేయించబోతే చక్రం పట్టేసిందని, చైను మార్పిస్తే గేరు పడటం లేదని చెప్పేవారు ఎందరో. వీరిలో ఎవరి ఫిర్యాదు నిజం, ఎవరిది కాదు అన్నది ముందుగా తేల్చలేము. అయితే తేల్చుకునే దారి ఒకటి ఉండాలి. ఆ దారి లేకపోవడమే అసలు జబ్బు.

మూడు దారులు, మూడూ దండుగే

పని చెడితే ఇప్పుడు పల్లెల్లో మూడు దారులు నడుస్తున్నాయి. మొదటిది నోరు మూసుకోవడం. "ఉన్నదొక్క షెడ్డు, వాడితో పెట్టుకుంటే రేపు పంక్చరు కూడా వేయడు" అని భయపడి కొందరు ఊరుకుంటారు. రెండవది షెడ్డు ముందు నిలబడి కేకలు వేయడం. నలుగురిలో పరువు పోయిన తరువాత ఏ పనివాడూ తన తప్పు ఒప్పుకోడు. మూడవది షెడ్డులో ఒక్క మాట అనకుండా టీకొట్టు దగ్గర, పాల కేంద్రం దగ్గర పనివాడిని ఆడిపోసుకోవడం. ఈ మధ్య సెల్‌ఫోను గ్రూపుల్లో కూడా ఆ పని సాగుతోంది. దీనివల్ల పనివాడి బేరం దెబ్బతింటుందే తప్ప బండి బాగుపడదు, పెట్టిన డబ్బు తిరిగి రాదు.

మెకానిక్కుల వైపు నుంచి కూడా చెప్పుకోవలసినది ఉంది. చాలామంది పదో పన్నెండో ఏళ్లకే షెడ్డులో చేరి, నట్లు విప్పుతూ పని నేర్చినవారు. పొద్దున బండి తెచ్చి సాయంత్రానికల్లా కావాలని మీద కూర్చునేవారు ఉన్నారు. అసలు పార్టు ధర వినగానే "తక్కువలో వెయ్యి" అని నకిలీ పార్టు వేయించుకుని, అది నెలకే అరిగితే పనివాడిని తిట్టేవారూ ఉన్నారు. ఉద్దెర పెట్టి ఏడాది దాకా కనబడనివారి సంగతి సరేసరి. ఇద్దరు ఎక్కవలసిన బండి మీద నలుగురు ఎక్కి, దానికి తోడు బస్తా వేసి నడిపితే ఏ మరమ్మతు నిలుస్తుంది?

అందుచేత కొనుగోలుదారుడే ఎప్పుడూ రైటని గాని, పనివాడే ఎప్పుడూ దొంగ అని గాని అనడం న్యాయం కాదు. ఏ ఫిర్యాదుకు ఆ ఫిర్యాదును విడిగా చూడాలి. చూడటానికి ఆధారం కావాలి. ఆధారం లేకుండా జరిగే వాదనలో గొంతు పెద్దదిగా ఉన్నవాడే గెలుస్తాడు.

తప్పు ఎక్కడ జరిగింది?

పైన చెప్పిన పాల రైతు సంగతే చూద్దాం. నీలం పొగ వస్తున్నదంటే ఇంజను ఆయిలు మండుతున్నదని అర్థం. పిస్టన్ రింగులు అరిగినా, అది ఆడే సిలిండరు అరిగినా, వాల్వుల దగ్గర సీళ్లు పోయినా ఆ పొగ వస్తుంది. నల్ల పొగ వేరు. అది పెట్రోలు ఎక్కువగా పోవడం వల్లగాని, గాలి ఫిల్టరు మూసుకుపోవడం వల్లగాని వస్తుంది. చలికాలం పొద్దున బండి తీయగానే కాసేపు కనిపించే తెల్లని ఆవిరికి భయపడనక్కరలేదు. సిలిండరు బాగా అరిగి ఉండగా రింగులు మాత్రం మార్చి ఊరుకుంటే పొగ కొన్నాళ్లు తగ్గి మళ్లీ వస్తుంది. బోరింగు చేసి, దానికి తగిన సైజు పిస్టన్ వేస్తేనో, సిలిండరు బ్లాకు, పిస్టన్ కలిపి కొత్తవి వేస్తేనో పని నిలుస్తుంది. వాల్వు సీళ్లు పోయిన బండికి బోరింగు చేసినా ప్రయోజనం లేదు. రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది.

కాబట్టి ఆ రైతు అడగవలసిన మొదటి ప్రశ్న "నా డబ్బు ఎందుకు తిన్నావు?" అన్నది కాదు. "ఏం విప్పావు, ఏం మార్చావు, తీసినవి ఎక్కడ?" అన్నది. పాత పిస్టన్, పాత రింగులు చేతికి ఇస్తే కొత్తవి వేసినట్లు ఒక ఆధారం ఉంటుంది. పాతవి లేవు, కొత్తవాటి అట్టపెట్టె లేదు, బిల్లు లేదు అంటే అనుమానం రాక మానదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. బోరింగు చేసిన ఇంజనును మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా, తక్కువ బరువుతో నడపాలి. ఆయిలు కూడా తొందరగా మార్చాలి. కొత్త పిస్టన్, సిలిండరు ఒకదానికొకటి సర్దుకోవడానికి ఈ జాగ్రత్త. ఆ రైతు మర్నాడే నాలుగు క్యాన్లు కట్టి ఎత్తులు ఎక్కించి ఉంటే పని చెడటంలో అతని పాలు కూడా ఉంది. మరి ఆ జాగ్రత్త అతనికి ఎవరైనా చెప్పారా? చెప్పి ఉంటే తప్పు రైతుది. చెప్పకుండా బండి తోలి పంపితే తప్పు షెడ్డుది. చెప్పానని ఒకరు, చెప్పలేదని ఒకరు అంటే తేల్చేది ఎవరు? అక్కడే చీటీ విలువ తెలుస్తుంది.

ఇంజను చెడితే డబ్బుతో పోతుంది. బ్రేకు చెడితే ప్రాణంతో పోతుంది. వెనుక చక్రం విప్పి బిగించినప్పుడు బ్రేకు ప్లేటును పట్టి ఉంచే కడ్డీ నట్టు వదులుగా ఉన్నా, దానికి పెట్టవలసిన పిన్ను మరిచినా చక్రం ఒక్కసారిగా పట్టేసే ప్రమాదం ఉంది. బ్రేకు లైనర్లకు ఆయిలు అంటితే ఎంత తొక్కినా బండి ఆగదు. చైను మరీ బిగువుగా ఉంటే తెగుతుంది, మరీ వదులుగా ఉంటే పళ్ల చక్రం నుంచి జారుతుంది. ఇటువంటి తప్పులను మొగమాటానికి పోయి ఊరుకోవడం పనికిరాదు. తనకు జరిగింది చెప్పకపోతే రేపు అదే షెడ్డు నుంచి వెళ్లే మరో బండి మీద మరో ఇంటి పిల్లలు ఉంటారు.

కాగితం ముక్క చాలు

మరమ్మతుకు బండి ఇచ్చేటప్పుడు ఒక చీటీ రాయించుకోవడం అలవాటు కావాలి. పెద్ద బిల్లు పుస్తకం అక్కరలేదు. చిన్న షెడ్డుకు జీఎస్టీ నంబరు లేకపోవచ్చు. తెల్ల కాగితం మీద తేదీ, బండి నంబరు, కిలోమీటర్ల రీడింగు, బండికి ఉన్న జబ్బు, చేయబోయే పని, పార్టుల ధర, కూలి, బండి ఇచ్చే రోజు, పని చెడితే ఎన్నాళ్లలోపు ఉచితంగా చూసేది రాసి షెడ్డువారు సంతకం చేస్తే చాలు. విప్పిన తరువాత ఇంకా ఏదైనా మార్చవలసి వస్తే ముందు ఫోను చేసి అడగాలన్నది కూడా అందులోనే రాయాలి. లెక్క పెరిగిన తరువాత చెప్పడం వల్లనే సగం తగవులు పుడుతున్నాయి.

"రోజూ చూసుకునే మనుషుల మధ్య చీటీ ఏమిటి, నమ్మకం లేదా?" అని కొందరు నొచ్చుకుంటారు. ధాన్యం తూకం వేసిన చోట చీటీ ఉంది. పాల కేంద్రంలో వెన్న శాతం రాసే చీటీ ఉంది. బ్యాంకులో, రేషను షాపులో చీటీ ఉంది. అక్కడ లేని నామోషీ షెడ్డులో ఎందుకు? చీటీ వల్ల మంచి పనివాడికే ఎక్కువ మేలు. తాను చెప్పని పని చేయలేదని తనమీద పడే నింద నుంచి అది కాపాడుతుంది. ఉద్దెర పెట్టినవాడిని అడగటానికీ అదే ఆధారం.

డబ్బు ఇచ్చే ముందు పనివాడిని వెనుక కూర్చోబెట్టుకుని బండిని ఒక చుట్టు నడిపి చూడాలి. బ్రేకు, గేర్లు, లైట్లు అక్కడే సరిచూసుకోవాలి. డబ్బు ఫోను ద్వారా పంపితే ఆ లెక్క తేదీతో సహా ఫోనులో నిలిచి ఉంటుంది. చేతికి ఇస్తే ముట్టినట్లు రాయించుకోవాలి.

ఫిర్యాదుకు ఒక పద్ధతి

పని చెడిందని తెలియగానే బండిని ఆపాలి. నీలం పొగ వస్తుండగానే ఇంకో వెయ్యి కిలోమీటర్లు తిప్పి, ఇంజను పట్టేసిన తరువాత వచ్చి అడిగితే తప్పు ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. పొగను, చప్పుడును, కారే ఆయిలును ఫోనులో ఫొటో, వీడియో తీసి ఉంచుకోవాలి. మరో షెడ్డులో ఇంజను విప్పించడం తొందరపాటు. విప్పిన తరువాత మొదటి పనివాడు "నేను చేసినప్పుడు బాగానే ఉంది, మధ్యలో వేరేవాడు చెయ్యిపెట్టాడు" అనే వీలు కలుగుతుంది. విప్పక తప్పదంటే మొదటి పనివాడిని పిలిచి, అతని ఎదుటనే విప్పించాలి. పిలిచినా రాకపోతే రెండో మెకానిక్కు చేత చూసిన సంగతి రాయించుకుని సంతకం తీసుకోవాలి.

షెడ్డుకు వెళ్లేటప్పుడు రద్దీ లేని వేళ చూసుకోవాలి. ఇంకో మనిషి తోడు ఉంటే మంచిది. ఏం జరిగింది, ఏం కావాలి అన్న రెండే ముక్కలు చెప్పాలి. కావలసింది మళ్లీ పని చేయడమా, పార్టు మార్చడమా, డబ్బు తిరిగి ఇవ్వడమా అన్నది ముందే నిర్ణయించుకుని వెళ్లాలి. చాలా తగవులు ఇక్కడే తెగిపోతాయి. పార్టు చెడ్డదైతే దాన్ని అమ్మిన స్పేరు పార్టుల దుకాణం కూడా జవాబు చెప్పవలసి ఉంటుంది. పని చెడ్డదైతే కూలి తీసుకోకుండా మళ్లీ చేయడం పనివాడి ధర్మం. ఒకసారి మళ్లీ చేసే అవకాశం ఇవ్వడం బండివాడి ధర్మం.

కూలి ఇవ్వకపోతే బండి ఇవ్వనని షెడ్డువారు అనడం ఇంకో పెద్ద పేచీ. ఈ సంగతిలో 1872 నాటి భారత ఒప్పందాల చట్టమే దారి చూపుతోంది. వస్తువు మీద తన కష్టం, నేర్పు పెట్టి ఒప్పుకున్న పని చేసినవాడు ఆ పనికి కూలి ముట్టేదాకా ఆ వస్తువును ఆపుకోవచ్చునని 170వ సెక్షను చెబుతోంది. అప్పు పెట్టుకోవడానికి ముందే ఒప్పుకుని ఉంటే మాత్రం ఆపుకునే హక్కు లేదు. ఈ హక్కు ఆ పని కూలికే గాని పాత బాకీలకు కాదు. నిరుడు వేసిన టైరు బాకీ కోసం ఈ ఏడు బ్రేకు చేయించుకున్న బండిని పట్టి ఉంచడం, అటువంటి ఒప్పందం ముందుగా లేనప్పుడు, కుదరదు. షెడ్డులో ఉన్నంతకాలం బండిని తన సొంత బండిలా జాగ్రత్తగా చూడవలసిన బాధ్యత కూడా అదే చట్టం 151వ సెక్షను షెడ్డువారి మీద పెట్టింది. పెట్రోలు మాయమైనా, అద్దం పగిలినా "నాకు తెలియదు" అంటే సరిపోదు.

చట్టం ఉంది, తెలిసినవారు తక్కువ

మాటలతో తెగకపోతే చట్టం ఉంది. మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉంది. డబ్బు తీసుకుని చేసే మరమ్మతు కూడా ఈ చట్టం కింద సేవే. పనిలో లోపం, నాణ్యతలో తక్కువ, అజాగ్రత్త ఉంటే అది సేవాలోపం. చెప్పవలసిన సంగతిని కావాలని దాచినా సేవాలోపమే. బిల్లుగాని రశీదుగాని ఇవ్వకపోవడాన్ని కొత్త చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. కనుక బిల్లు అడగటం తప్పు కాదు. ఇవ్వకపోవడమే తప్పు.

ముందుగా జరిగిందంతా ఒక కాగితం మీద రాసి, పదిహేను రోజులు గడువు ఇచ్చి, షెడ్డు యజమానికి స్పీడు పోస్టులో పంపి నకలు ఉంచుకోవాలి. దీనికి వకీలు అక్కరలేదు. తెలుగులో రాస్తే చాలు. తరువాత 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం వారు ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. ఈ ఫోనుకు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. అయితే ఆ కేంద్రం ఎదుటివారితో మాట్లాడి సర్దుబాటుకు ప్రయత్నిస్తుందే గాని తీర్పు చెప్పదు.

తీర్పు చెప్పేది జిల్లా వినియోగదారుల కమిషన్. లోగడ జిల్లా ఫోరం అని పిలిచేది దీనినే. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదుకు ఫీజు లేదు. బండి మరమ్మతులన్నీ ఆ లోపే. పని చెడిన నాటి నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. షెడ్డు ఏ జిల్లాలో ఉన్నా ఫిర్యాది నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. హైదరాబాద్‌లో బండి బాగుచేయించుకుని మోసపోయిన చందంపేట మనిషి నల్లగొండలోనే అడగవచ్చునన్నమాట. వకీలు లేకుండా తానే చెప్పుకోవచ్చు. ఇంటర్నెట్ ద్వారా కూడా దాఖలు చేయవచ్చు. ఎదుటివారు నోటీసు అందిన 30 రోజులలో జవాబు ఇవ్వాలి. అవసరమైతే కమిషన్ మరో 15 రోజులు ఇవ్వవచ్చు. నోటీసు అందిన మూడు నెలల్లో, వస్తువును పరీక్షకు పంపవలసి వస్తే అయిదు నెలల్లో, తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. డబ్బు వాపసు, నష్టపరిహారం, ఖర్చులు ఇప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. ఉత్తర్వును లెక్కచేయకపోతే జైలు శిక్షకు, జరిమానాకు కూడా వీలుంది.

పాలు పోసేవాడి బండి, కూరగాయలు అమ్మేవాడి బండి వ్యాపారం బండి కాదా అని కొందరు అనుమానపడతారు. సొంత కష్టంతో పొట్టపోసుకోవడానికే కొని వాడుకునే వస్తువును చట్టం వ్యాపారం కింద లెక్కించలేదు. వకీలు సాయం కావాలనుకునే ఆడవారికి, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు, తక్కువ రాబడి ఉన్నవారికి 1987 నాటి చట్టం కింద న్యాయ సేవాధికార సంస్థలు ఉచితంగా సాయం చేస్తాయి. దానికి ఫోను నంబరు 15100.

నల్లగొండ దాకా పోలేనివారి మాటేమిటి?

ఇంతవరకు చెప్పింది కాగితం మీది సంగతి. రెండు వేల రూపాయల పని కోసం ఎన్నిసార్లు కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని జిల్లా కేంద్రానికి తిరగగలడు? మూడు వాయిదాలకే ఆ రెండు వేలు దారిఖర్చులకు సరిపోతాయి. వీడియో ద్వారా విచారణ కోరే వీలు చట్టంలో ఉన్నా, ఆ కోరిక ఎలా రాయాలో ఊళ్లో చెప్పేవారు లేరు. చట్టం బలంగా ఉన్నా పేదవాడి వాకిలి దాకా రాకపోతే దాని బలం ఎవరికి?

అందుచేత చిన్న తగవులు మండల కేంద్రంలోనే తెగే ఏర్పాటు జరగాలి. పట్టణాల్లో, మండల కేంద్రాల్లో మెకానిక్కుల సంఘాలు ఉన్నచోట వారే పూనుకోవచ్చు. సంతరోజున ఒక గంట ఇద్దరు పెద్ద మెకానిక్కులు, ఇద్దరు బండ్లవారు, గ్రామ పంచాయతీ తరఫున ఒకరు కూర్చుని బండిని కళ్లతో చూసి చెబితే చాలు. వాల్వు పోయిందా, రింగులు పోయాయా అన్నది పనివాడికి పనివాడు చెబితే కాదనేవారు ఉండరు. ఆ కూర్చున్నవారు జరిమానాలు వేయనక్కరలేదు, ఎవరినీ వెలివేయనక్కరలేదు. ఏం చూశారో రాసి ఇద్దరికీ చెరొక నకలు ఇస్తే చాలు. ఒప్పుకున్నవారు ఒప్పుకుంటారు. ఒప్పుకోనివారికి ఆ కాగితం కమిషన్ ముందు ఆధారంగా ఉపయోగపడుతుంది. అయిదుగురు కూర్చుంటే అందులో చుట్టరికాలు, కులాలు, పార్టీలు దూరతాయనే భయం ఉంది. అది ఉత్త భయం కాదు. అందుకే తగవుపడ్డ ఇద్దరిలో ఎవరికి చుట్టమైనా ఆ రోజు లేచి పక్కకు కూర్చునే నియమం మొదటే పెట్టుకోవాలి.

షోరూముల సంగతి కూడా అడగవలసి ఉంది. పట్టణంలోని సర్వీసు కేంద్రాల్లో కాగితాలు ఉంటాయి, కంప్యూటరు బిల్లు ఉంటుంది. ఉచిత సర్వీసు అని పిలిచి, అడగని ఆయిళ్లు, పాలిషులు బిల్లులో కలపడం మాత్రం ఉచితం అనిపించుకోదు. గ్యారంటీ కాలంలో చెడిన పార్టును అడిగితే రేపు రమ్మని, మాపు రమ్మని తిప్పితే పల్లెవాడు ఎన్నిసార్లు తిరుగుతాడు? బండి ఇచ్చేటప్పుడు రాసే జాబు కార్డు నకలు అడిగి తీసుకోవాలి. పని పూర్తి కాకుండా "తృప్తిగా ఉంది" అన్న చోట సంతకం చేయకూడదు. చిన్న షెడ్డువాడిని నిలదీసే నోరు పెద్ద షోరూము అద్దాల తలుపు ముందు మూగపోకూడదు.

పని నేర్పేవారు కావాలి

చెడ్డ మరమ్మతుకు దురాశ ఒక కారణమైతే, తెలియనితనం ఇంకో కారణం. పల్లెల్లో రాజ్‌దూత్‌లు, యెజ్డీలు తిరిగిన రోజుల్లో పనివాడు చెవితో చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. కార్బురేటరు విప్పి ఊది, పాయింట్లు రుద్ది బండిని నడిపించేవాడు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. ఆ తరువాత తయారైన బండ్లలో ఎక్కువ వాటికి కార్బురేటరు లేదు. పెట్రోలును ఎలక్ట్రానిక్ పద్ధతిలో కొలిచి చిమ్మే ఏర్పాటు ఉంది. వాటి జబ్బు తెలియాలంటే తగిన పరికరం కావాలి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు బ్రేకుల పద్ధతి కూడా మారింది. 125 సీసీ లోపు వాటికి రెండు బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటు, అంతకు మించిన వాటికి చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు తప్పనిసరి అయ్యాయి. వీటిని పాత పద్ధతిలో సుత్తీ పానాతో బాగుచేయబోతే చెడకుండా ఎలా ఉంటుంది?

బ్యాంకుల ఆధ్వర్యంలో నడిచే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు నిరుద్యోగ యువకులకు ద్విచక్ర వాహనాల మరమ్మతులో ఉచితంగా శిక్షణ ఇస్తున్నాయి. అది కొత్తవారికి. పాతికేళ్లుగా షెడ్డు నడిపే మనిషి నెల రోజులు షెడ్డు మూసి శిక్షణకు పోలేడు. బండ్లు అమ్ముకుని లాభం పొందుతున్న కంపెనీలు, ఐటీఐలు కలిసి మండల కేంద్రాల్లో వారానికి ఒక పూట చొప్పున పాత పనివారికి కొత్త బండ్ల పని నేర్పే ఏర్పాటు చేయాలి. తనకు రాని పనిని "ఇది నా వల్ల కాదు, పట్నం తీసుకుపో" అని ముందే చెప్పడం కూడా నేర్పే. అలా చెప్పిన మెకానిక్కును తక్కువగా చూడకూడదు. అతన్నే ఎక్కువ నమ్మాలి.

ఇక జిల్లా అధికారుల పని. ప్రతి ఏటా డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినం జరుపుతారు. జిల్లా కేంద్రంలో సభ పెట్టి, దండలు వేసి, పత్రికలకు ఫొటోలు ఇస్తే పల్లెవాడికి ఒరిగేది లేదు. ఆ రోజు కొండమల్లేపల్లిలోనో, హాలియాలోనో, మర్రిగూడలోనో సంతలో బల్ల వేసి కూర్చోవాలి. ఫిర్యాదు ఎలా రాయాలో ఒక అచ్చు కాగితం పంచాలి. 1915 నంబరు ప్రతి పంచాయతీ గోడ మీద, ప్రతి పాల కేంద్రం దగ్గర, ప్రతి పెట్రోలు బంకులో తెలుగులో రాయించాలి. షెడ్డుల ముందు మామూలు పనుల కూలి రేట్లు బోర్డు మీద పెట్టేలా మెకానిక్కులను ఒప్పించాలి.

చివరకు భారమంతా ఆ ఇద్దరి మీదనే ఉంది. పాల రైతుకు ఆ షెడ్డు కావాలి. షెడ్డుకు ఆ పాల రైతు కావాలి. వీరిద్దరూ ఒకే ఊరి నీళ్లు తాగేవారు. రైతు కోపం తగ్గించుకుని కాగితం పట్టుకుని వెళ్లాలి. మెకానిక్కు రోషం తగ్గించుకుని ఇంజను మళ్లీ విప్పాలి. తప్పు తనదైతే కూలి వదులుకోవాలి, కాకపోతే కారణం విప్పి చూపాలి. రేపు తెల్లవారుజామున పాలు సమయానికి కేంద్రం చేరాలంటే ముందు ఈ మాట తెగాలి. ఆ మాట తెగడానికి కావలసింది పెద్ద ఖర్చేమీ కాదు, బండి ఇచ్చిన రోజున రాసుకునే ఒక్క చీటీ.